ట్రాలీ ఇరుసు ఎక్కడుండాలి? ఒక్క అడుగు తేడా, 455 కిలోల ఫరక్!

ఈరోజు టాపిక్ కొంచెం డిఫరెంట్. ఫోన్లు లేవు, యాప్‌లు లేవు. ట్రాక్టర్ ట్రాలీ. అవును, రోజూ మన రోడ్ల మీద కనిపించే ట్రాలీయే. కొందరు ట్రక్కు అంటారు, కొందరు తొట్టి అంటారు, ఏ పేరైనా పర్లేదు. దాని ఇరుసు, అంటే యాక్సిల్, ఎక్కడ ఉండాలి? లోడ్ ఎక్కడ వేయాలి? ఈ రెండు ప్రశ్నలే ఈ ఎపిసోడ్.

దీనికి జవాబు తెలిస్తే, ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి ఎందుకు లేస్తాయో అర్థమవుతుంది. అమెరికా హైవే మీద కారు వెనక కట్టిన క్యాంపింగ్ ట్రైలర్ పాములా ఊగిపోయి ఎందుకు బోల్తా పడుతుందో కూడా అర్థమవుతుంది. రెండింటి వెనకా ఉన్న లెక్క ఒకటే. గుణకారం, భాగహారం వస్తే చాలు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసి పెట్టుకోండి, నాతో పాటు మీరూ చేయండి.

సారపాకలో ఈ టాపిక్ ఎందుకంటే

మాది సారపాక. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. గోదావరికి ఆ ఒడ్డున భద్రాచలం, రాములవారి గుడి. ఈ ఒడ్డున మేము. బూర్గంపాడు మండలం, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, ఒకప్పుడు ఖమ్మం జిల్లా. మా ఊరు పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది పేపర్ మిల్లు. భద్రాచలం పేపర్‌బోర్డ్స్ అనే పేరుతో మొదలైన ఆ కంపెనీ 2002లో ఐటీసీలో కలిసిపోయింది. కాగితం కావాలంటే కర్ర కావాలి కదా. అందుకే జామాయిల్, సుబాబుల్, సర్వీ కర్ర చుట్టుపక్కల మండలాల నుంచి ఈ రోడ్ల మీదే వస్తుంటుంది. దాంతో పాటు వడ్లు, పత్తి, మిర్చి, ఇసుక, ఇటుక. బరువు లాగడం అనేది మా ఊళ్లో పుస్తకం సబ్జెక్ట్ కాదు, బతుకుదెరువు.

ఇంకో విషయం ఉంది. ట్రాలీలో ఎక్కేది సరుకు ఒక్కటే కాదు, మనుషులు కూడా. మిర్చి కోతల టైమ్‌లో కూలీలు, పెళ్లికి చుట్టాలు, జాతరకి ఊరు ఊరంతా. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు, దాదాపు అందరూ పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లే. ఆ ప్రమాదానికి కారణం ఇరుసు అని నేను చెప్పట్లేదు, అది వేరే సంగతి. కానీ ట్రాలీ అదుపు తప్పితే అందులో ఉన్నవాళ్లకి పట్టుకోవడానికి ఏమీ ఉండదని ఆ రోజు అందరం చూశాం. కాబట్టి ఈ లెక్క డ్రైవర్లకి మాత్రమే కాదు, ట్రాలీ ఎక్కే ప్రతి ఒక్కరికీ.

ముందు కావడి గుర్తు తెచ్చుకోండి

కావడి మోసేవాళ్లని చూశారు కదా. భుజం మీద ఒక బద్ద, అటొక బరువు, ఇటొక బరువు. రెండు వైపులా సమానంగా ఉంటే బద్ద మధ్యలో భుజం పెడతారు. వెనక వైపు బరువు ఎక్కువైతే? భుజాన్ని వెనక బరువు వైపు జరుపుతారు. ఎవరూ వాళ్లకి ఫిజిక్స్ చెప్పలేదు, భుజమే చెప్పింది.

ఇంకొకటి గమనించండి. కావడి మోసే మనిషి ఒక చెయ్యి ముందు వైపు బద్ద మీద వేసి ఉంచుతాడు. బద్ద ముందుకు మొగ్గితే ఆ చెయ్యి పైకి లేపి ఆపుతుంది. వెనక్కి మొగ్గితే అదే చెయ్యి కిందికి నొక్కుతుంది.

ఇప్పుడు ఈ బొమ్మనే ట్రాలీకి పెట్టండి. భుజం అంటే ఇరుసు. చెయ్యి అంటే ట్రాక్టర్ హుక్. ట్రాలీ ముందుకు మొగ్గితే హుక్ మీద బరువు పడుతుంది. వెనక్కి మొగ్గితే హుక్‌ని పైకి లాగుతుంది. మన సబ్జెక్ట్ మొత్తం ఇంతే. ఎంత మొగ్గాలి, ఎటు మొగ్గాలి అన్నదే మిగతా కథ.

ఎడ్లబండి కట్టినవాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు. బస్తాలు వేశాక కాడి పట్టుకుని ఒకసారి ఎత్తి చూసేవాళ్లు. మరీ బరువుగా ఉంటే రెండు బస్తాలు వెనక్కి జరిపేవాళ్లు, లేకపోతే ఎడ్ల మెడ పుండు పడుతుంది. కాడి తేలిపోతుంటే ముందుకు జరిపేవాళ్లు, లేకపోతే కాడి పైకి లేచి మెడకు కట్టిన తాడు ఎద్దు గొంతు పట్టేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి తోలేవాళ్లు ముందుకు జరిగి కూర్చునేది కూడా ఇందుకే. ఎద్దు మెడ వాళ్లకి మీటర్‌లా పనిచేసింది. ట్రాక్టర్ మెడ నొప్పి అని చెప్పదు, అందుకే మనం లెక్క వేయాలి.

బోర్డు మీద లెక్క

సూత్రం ఒకటే ఒకటి. రాసుకోండి.

హుక్ మీద బరువు = లోడ్ × (బరువు కేంద్రం ఇరుసుకి ఎంత ముందు ఉంది) ÷ (హుక్ నుంచి ఇరుసు వరకు దూరం)

బరువు కేంద్రం అంటే స్కూల్లో చదివిన గురుత్వ కేంద్రమే. లోడ్ మొత్తాన్ని ఒక్క వేలు మీద నిలబెట్టగలిగితే ఆ వేలు ఎక్కడ పెట్టాలో, అదే చోటు. లోడ్ ట్రాలీ అంతటా సమానంగా పరిస్తే బరువు కేంద్రం ట్రాలీకి సరిగ్గా మధ్యలో ఉంటుంది.

ఇప్పుడు ఒక రెండు చక్రాల ట్రాలీ తీసుకుందాం. తొట్టి పొడవు 12 అడుగులు. ముందు ముక్కులా పొడుచుకొచ్చి హుక్‌కి తగిలే భాగం 4 అడుగులు. లోడ్ 5,000 కిలోల కర్ర, అంతటా సమానంగా. అంటే బరువు కేంద్రం తొట్టి ముందు అంచు నుంచి 6 అడుగుల దగ్గర. లెక్క తేలిగ్గా ఉండాలని ట్రాలీ సొంత బరువు ఇప్పుడు పక్కన పెడుతున్నా.

ఇరుసు సరిగ్గా మధ్యలో, 6 అడుగుల దగ్గర పెట్టామనుకోండి. బరువు కేంద్రం ఇరుసు మీదే ఉంది, తేడా సున్నా. హుక్ మీద బరువు సున్నా. వినడానికి బాగుంది కదా, ట్రాక్టర్ మీద భారమే లేదు! కానీ ఇదే ప్రమాదకరమైన చోటు. ఒక గతుకు పడితే వెనక్కి మొగ్గుతుంది, ఇంకో గతుకుకి ముందుకి. హుక్ దగ్గర పిన్ను టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది.

ఇరుసుని ఒక అడుగు వెనక్కి, 7 అడుగుల దగ్గర పెట్టండి. ఇప్పుడు బరువు కేంద్రం ఇరుసుకి 1 అడుగు ముందుంది. హుక్ నుంచి ఇరుసుకి 4 + 7 = 11 అడుగులు. 5,000 × 1 ÷ 11 = సుమారు 455 కిలోలు. లోడ్‌లో 9 శాతం.

ఇంకో అడుగు వెనక్కి, 8 అడుగుల దగ్గర పెట్టండి. 5,000 × 2 ÷ 12 = సుమారు 833 కిలోలు. దాదాపు 17 శాతం.

చూశారా? లోడ్ అదే 5,000 కిలోలు. ట్రాలీ అదే. ఇరుసు ఒక్కో అడుగు జరిగితే హుక్ మీద సున్నా, 455, 833.

ఇప్పుడు ఇరుసు 7 అడుగుల దగ్గరే ఉంచి, కర్ర పేర్చేటప్పుడు బరువు కేంద్రం అడుగున్నర వెనక్కి పోయిందనుకోండి. అంటే ఇరుసుకి అరడుగు వెనక. 5,000 × 0.5 ÷ 11 = 227. కానీ కిందికి కాదు, పైకి. హుక్‌ని 227 కిలోల బలంతో పైకి ఎత్తుతోంది. మిల్లు తయారుచేసినప్పుడు ఇరుసు సరైన చోట పెట్టి పంపిన ట్రాలీని, లోడ్ చేసేవాళ్లు అడుగున్నరతో పాడు చేయొచ్చు. అంటే ఇరుసు ఎక్కడుందో ఒక్కసారి నిర్ణయిస్తారు, బరువు ఎక్కడుందో మాత్రం ప్రతి ట్రిప్‌కీ మనమే నిర్ణయిస్తాం.

మా ఊళ్లో కర్ర లోడ్ చేసే ఒక డ్రైవర్ అన్నని అడిగాను, "అన్నా, ముందు వైపు ఒక వరస ఎక్కువ పేరుస్తున్నావు, ఎందుకు?" అని. ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు: "వెనక బరువైతే ఇంజన్ మాట వినదు తమ్ముడూ, తల ఎగరేస్తది." నేను బోర్డు నిండా రాసింది ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

ముందు చక్రాలు ఎందుకు లేస్తాయి

సరే, ముందుకు మొగ్గడం మంచిదైతే ఇరుసుని ఇంకా వెనక్కి నెట్టేస్తే పోలా? పోదు. ఎందుకంటే హుక్ ట్రాక్టర్ వెనక చక్రాల కంటే ఇంకా వెనక ఉంటుంది. అక్కడ బరువు పెడితే ట్రాక్టర్ కూడా ఒక కావడి అయిపోతుంది. ఈసారి భుజం ట్రాక్టర్ వెనక చక్రాలు. హుక్ కిందికి పోతే ముక్కు పైకి లేస్తుంది.

లెక్క చూడండి. ట్రాక్టర్ 2,000 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 800 అనుకుందాం. ముందు చక్రాలకి వెనక చక్రాలకి మధ్య ఆరున్నర అడుగులు. హుక్ వెనక చక్రాలకి 2 అడుగులు వెనక.

హుక్ మీద 455 కిలోలు పడితే ముందు చక్రాల మీద తగ్గేది 455 × 2 ÷ 6.5 = 140 కిలోలు. హుక్ మీద 833 పడితే తగ్గేది 256 కిలోలు.

ఇప్పుడు ఎత్తు ఎక్కిద్దాం. 10 అడుగుల దూరానికి 1 అడుగు లేచే చడావు. 5,000 కిలోల లోడ్ వెనక్కి సుమారు 500 కిలోల బలంతో లాగుతుంది. హుక్ నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉంటే, ఆ లాగుడు వల్ల ముందు చక్రాల మీద ఇంకో 115 కిలోలు తగ్గుతాయి. ట్రాక్టర్ సొంత బరువు వెనక్కి వాలడం వల్ల సుమారు 77 తగ్గుతాయి.

ఇరుసు 7 అడుగుల దగ్గర ఉన్న ట్రాలీతో: 800 లోంచి 140, 115, 77 తీసేస్తే 468.
ఇరుసు 8 అడుగుల దగ్గర ఉన్న ట్రాలీతో: 800 లోంచి 256, 115, 77 తీసేస్తే 352.

స్టీరింగ్ మాట వినాలంటే బండి బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద ఉండాలనేది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. మన ట్రాక్టర్‌కి అది 400 కిలోలు. ఒకటి గీతకి పైన ఉంది, ఇంకోటి కింద పడింది. ఇది నెమ్మదిగా, ఒకే వేగంతో వెళ్తున్నప్పటి లెక్క. క్లచ్ ఒక్కసారిగా వదిలి గట్టిగా గేరు లాగితే ఆ మిగిలిన 352 కూడా క్షణంలో పోతాయి. అప్పుడు స్టీరింగ్ తిప్పుతారు, బండి తిరగదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. పైన 115 కిలోలు అన్నాను కదా, అది హుక్ ఎత్తుని బట్టి మారుతుంది. హుక్ ఎత్తు రెట్టింపు చేస్తే అదీ రెట్టింపు. అందుకే బురదలో దిగబడిన బండిని లాగడానికి గొలుసుని ట్రాక్టర్ వెనక పై పిన్నుకి గానీ, సీటు కింద ఎత్తులో గానీ ఎప్పుడూ కట్టొద్దు. కింద ఉన్న హుక్‌కే కట్టాలి. ఎత్తులో కట్టి లాగితే ట్రాక్టర్ తన వెనక చక్రాల చుట్టూ తనే తిరిగి డ్రైవర్ మీదే పడుతుంది. దూకే టైమ్ కూడా ఉండదు.

మరి హుక్ మీద బరువు పూర్తిగా చెడ్డదా? కాదు. ఆ 455 కిలోలు, ముందు నుంచి తగ్గిన 140 కిలోలు, రెండూ కలిసి వెనక పెద్ద చక్రాల మీదకే వస్తాయి. బురద పొలంలో పట్టు దొరికేది వాటివల్లే. రెండు చక్రాల ట్రాలీ పొలంలో బాగా లాగడానికి అదొక కారణం.

వెనక్కి మొగ్గితే ఏమవుతుంది

వెనక్కి మొగ్గడం ఎక్కువగా జరిగేది రోడ్డు మీద కాదు, లోడ్ దించేటప్పుడు. మన ట్రాలీయే తీసుకోండి, ఇరుసు 7 అడుగుల దగ్గర. ముందు సగం కర్ర ముందే దించేశారు. మిగిలింది 2,500 కిలోలు, అంతా వెనక సగంలో. దాని బరువు కేంద్రం ముందు అంచు నుంచి 9 అడుగులు, అంటే ఇరుసుకి 2 అడుగులు వెనక. 2,500 × 2 ÷ 11 = 455 కిలోలు, పైకి! లోడ్ సగమైంది, కానీ హుక్ మీద 455 కిందికి ఉన్నది కాస్తా 455 పైకి అయింది. ఖాళీ ట్రాలీ సొంత బరువు కొంత కిందికి లాగినా ఇది ఆగదు.

ఆ టైమ్‌లో ఎవరైనా హుక్ పిన్ను లాగారా, ట్రాలీ ముక్కు గడ్డపారలా పైకి లేస్తుంది. పిన్ను లాగిన మనిషి మొహం సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకని వెనక నుంచి దించుకుంటూ రండి, లేదా రెండు వైపులా సమానంగా దించండి. పిన్ను తీసే ముందు ముక్కు కింద స్టాండ్, చక్రాలకి రాయి. ఇది రూల్ అనుకోండి.

హైడ్రాలిక్ ట్రాలీ లేపేటప్పుడు కూడా ఇదే. తొట్టి లేచేకొద్దీ ఇసుక వెనక్కి జారుతుంది, బరువు కేంద్రం ఇరుసు దాటిపోతుంది. ఇసుక తడిసి అడుగున అతుక్కుపోయి, వెనక భాగంలోనే ఆగిందంటే ట్రాక్టర్ వెనక చక్రాలు తేలికైపోతాయి. కింద నేల ఒక పక్కకి వాలి ఉంటే తొట్టి పక్కకి పడుతుంది. చదునైన నేల చూసుకుని, మనుషులు దూరంగా ఉన్నారని చూసుకుని లేపాలి.

నాలుగు చక్రాల ట్రాలీ సంగతి వేరు. దానికి ముందు ఇరుసు కూడా ఉంటుంది, తన బరువు తనే మోసుకుంటుంది, హుక్ మీద భారం దాదాపు ఉండదు. ట్రాక్టర్ ముక్కు లేచే భయం తగ్గుతుంది. కానీ వెనక చక్రాలకి ఆ అదనపు పట్టు దొరకదు, రివర్స్ చేయడం పెద్ద తలనొప్పి. దిగుడులో ట్రాలీకి బ్రేకులు లేకపోతే వెనక నుంచి ట్రాక్టర్‌ని నెట్టి పక్కకి తిప్పేస్తుంది. ఈ నెట్టుడు రెండు చక్రాల ట్రాలీకి కూడా ఉంది. దిగుడుకి ముందే గేరు తగ్గించాలి, మధ్యలో కాదు.

కారు వెనక ట్రైలర్: వేగం కలిస్తే

ట్రాక్టర్ మెల్లగా వెళ్తుంది కాబట్టి దాని సమస్య ముక్కు లేవడం. కారు స్పీడ్‌గా వెళ్తుంది కాబట్టి దాని సమస్య ఊగడం. ఇప్పుడు క్యాంపింగ్ ట్రైలర్లు కట్టుకుని తిరగాలని మీలో చాలామందికి ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇల్లు మారేటప్పుడు యూ-హాల్ ట్రైలర్ అద్దెకు తీసుకుంటారు. ఈ పార్ట్ జాగ్రత్తగా వినండి.

ట్రైలర్ కొంచెం పక్కకి ఊగిందనుకోండి. గాలి వల్ల కావచ్చు, పక్కనుంచి లారీ పోవడం వల్ల కావచ్చు. దాని టైర్లు రోడ్డుని పక్కకి రాస్తూ ఆ ఊపుని చంపేస్తాయి. కానీ ఈ చంపే శక్తి వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నదాంట్లో 80 దగ్గర సుమారు సగమే మిగులుతుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపు ముందు ఊపు కంటే పెద్దదవుతుంది. ఇక కారుని నడిపేది మీరు కాదు, ట్రైలరే.

ఆ ప్రమాదకరమైన వేగం 60 దగ్గర వస్తుందా, 120 దగ్గర వస్తుందా అనేది ఇరుసు, బరువు తేలుస్తాయి. బరువు ఇరుసుకి దగ్గరగా, కొంచెం ముందుగా ఉంటే ఆ వేగం పైకి పోతుంది. హుక్ నుంచి ఇరుసు దూరం ఎక్కువైతే ఇంకా మంచిది. బరువు తోక దగ్గర ఉంటే కిందికి వస్తుంది. ఒక కర్ర చివర రాయి కట్టి తిప్పండి, ఆపడం ఎంత కష్టమో తెలుస్తుంది. అదే రాయి చేతికి దగ్గరగా కడితే టక్కున ఆగుతుంది. అంతే తేడా.

అందుకే అమెరికాలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్ మీద ఉండాలంటారు. యూ-హాల్ అయితే ఇంకా సింపుల్‌గా, సామాన్లలో 60 శాతం ముందు సగంలో పెట్టమంటుంది, గంటకు 55 మైళ్లు దాటొద్దంటుంది. యూరప్‌లో ఇరుసుని మధ్యకి దగ్గరగా పెడతారు, హుక్ మీద 5 నుంచి 7 శాతం దగ్గర ఉంచుతారు. అక్కడ ట్రైలర్‌తో వెళ్లే కార్లకి వేగ పరిమితి తక్కువ, జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లే. చూశారా, తక్కువ శాతం సరిపోవడం వెనక తక్కువ వేగం ఉంది. యూరప్ వీడియో చూసి శాతం కాపీ కొట్టి, అమెరికా వీడియో చూసి వేగం కాపీ కొట్టొద్దు.

చిన్న లెక్క. 1,000 కిలోల క్యాంపింగ్ ట్రైలర్, హుక్ మీద 100 కిలోలు, అంటే 10 శాతం, పర్ఫెక్ట్. హుక్ నుంచి ఇరుసుకి 12 అడుగులు. ఇప్పుడు తోక మీద సైకిళ్ల స్టాండ్, సైకిళ్లు కలిపి 60 కిలోలు తగిలించారు, ఇరుసుకి 8 అడుగులు వెనక. 60 × 8 ÷ 12 = 40. హుక్ మీద 100 కాస్తా 60 అయింది. మొత్తం బరువు 1,060. శాతం 6కి కూడా రాలేదు. ఇంజన్‌కి ఆ 60 కిలోలు లెక్కే కాదు, ట్రైలర్‌కి మాత్రం గుణమే మారిపోయింది. నీళ్ల ట్యాంక్ కూడా అంతే, 100 లీటర్లంటే 100 కిలోలు. అది ఇరుసు మీద ఉందా, వెనక ఉందా అని కొనే ముందే చూడండి.

కారు వెనక భాగం కుంగిపోతుందని కొందరు స్ప్రింగ్ బార్లు ఉన్న హిచ్ పెట్టిస్తారు. అది హుక్ మీద భారాన్ని కొంత ముందు చక్రాలకి, కొంత ట్రైలర్ ఇరుసుకి పంచుతుంది. మంచిదే. కానీ వెనక బరువు ఎక్కువైన ట్రైలర్‌ని అది బాగు చేయదు. దానికి మందు ఒక్కటే, సామాను ముందుకు జరపడం.

ఊగడం మొదలైతే ఏం చేయాలి? కారు బ్రేకు గట్టిగా తొక్కొద్దు. స్పీడ్ పెంచి లాగేద్దామని అస్సలు అనుకోవద్దు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీయండి. ట్రైలర్‌కి విడిగా బ్రేకు ఉంటే దాన్ని మాత్రం వేయండి. ఆగాక సామాను సర్దకుండా మళ్లీ బయల్దేరొద్దు.

కాటా దగ్గర పది నిమిషాల పని

ఇదంతా అంచనా లెక్క. నిజమైన నంబర్ కావాలంటే ఊరి దగ్గర వేబ్రిడ్జి, అదే లారీల కాటా, ఉంటుంది కదా, రద్దీ లేని టైమ్‌లో వెళ్లండి. కాటా ముందూ వెనకా నేల సమానంగా ఉండాలి.

ఒకటి, ట్రాలీ లేకుండా ట్రాక్టర్ ఒక్కటే తూచండి.
రెండు, లోడ్ ట్రాలీ తగిలించి ట్రాక్టర్ నాలుగు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచండి, ట్రాలీ చక్రాలు బయట. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే హుక్ మీద బరువు. రెండోది తక్కువ వచ్చిందా? మీ ట్రాలీ వెనక్కి మొగ్గుతోంది, అక్కడే ఆపి లోడ్ సర్దండి.
మూడు, ట్రాలీ తగిలించే ఉంచి ట్రాక్టర్ ముందు చక్రాలు మాత్రమే కాటా మీదకి ఎక్కించండి. ట్రాక్టర్ బరువులో 20 శాతం కంటే బాగా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే చడావులో ఇంకా తగ్గుతుంది.
నాలుగు, మొత్తం బండి తూచండి. అందులోంచి ట్రాక్టర్ బరువు తీసేస్తే ట్రాలీ, లోడ్ కలిపి ఎంతో వస్తుంది. హుక్ బరువుని దాంతో భాగిస్తే మీ శాతం.

హుక్ ఎంత మోయగలదో ట్రాక్టర్ మాన్యువల్‌లో ఉంటుంది, ఆ హద్దు దాటొద్దు. కారుకైనా అంతే. కొత్త ట్రాలీ చేయిస్తుంటే వెల్డింగ్ షాపులో ఇరుసు బిగించకముందే ఒక ప్రశ్న అడగండి: "ఇందులో ఎక్కువగా ఏ సరుకు వేస్తాం, దాని బరువు మధ్య ఎక్కడ పడుతుంది?" ఇరుసు బిగించాక జరపడానికి అయ్యే ఖర్చు వేరు, ముందే సుద్దముక్కతో గీత జరపడానికి అయ్యే ఖర్చు వేరు.

చివరిగా, మనుషులు ఎక్కినప్పుడు

ట్రాలీ సరుకు కోసం చేసిన బండి. మనుషుల్ని ఎక్కించడం చట్టానికి కూడా విరుద్ధం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర గొడవ కూడా ఇక్కడే మొదలవుతుంది. ఆటోనో, బస్సో దొరికితే అదే ఎక్కండి. ఈ మాట చెప్పి చేతులు దులుపుకోవడం ఈజీ. తెల్లారి ఐదింటికి మిర్చి చేనుకి పోవాల్సిన వాళ్లకి చాలాసార్లు ట్రాలీ తప్ప ఇంకేమీ దొరకదని నాకు తెలుసు. అందుకే లెక్క కూడా చెప్తున్నా.

పది మంది, ఒక్కొక్కరు 55 కిలోలు, ట్రాలీ వెనక అంచు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. మొత్తం 550 కిలోలు, ఇరుసుకి 5 అడుగులు వెనక. 550 × 5 ÷ 11 = 250 కిలోలు పైకి. ఖాళీ ట్రాలీ 1,200 కిలోలైతే అది హుక్‌ని కిందికి నొక్కేది 1,200 × 1 ÷ 11 = సుమారు 109 కిలోలే. అంటే సరుకు లేని ట్రాలీని కూడా పది మంది వెనక్కి మొగ్గించగలరు. పైగా కర్రలా మనుషులు కట్టేసి ఉండరు. మలుపులో అందరూ ఒకవైపు వాలతారు, బ్రేకు వేస్తే ముందుకు పడతారు. నిలబడితే బరువు కేంద్రం ఇంకా పైకి పోయి పక్కకి బోల్తా పడటం తేలికవుతుంది.

కాబట్టి మీ అమ్మో, అక్కో, పెద్దమ్మో ట్రాలీ ఎక్కక తప్పని రోజు ఈ నాలుగు మాటలు చెప్పండి. వెనక అంచు మీద కూర్చోవద్దు. ముందు సగంలో, నేల మీద కూర్చోండి, నిలబడొద్దు. సరుకు మీద ఎక్కి కూర్చోవద్దు. ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్య ఉన్న ఇనుప ముక్కు మీద అసలే కూర్చోవద్దు. డ్రైవర్‌తో కూడా చెప్పండి, కాలువ గట్టు మీద, మలుపుల్లో మెల్లగా పొమ్మని. "నీకేం తెలుసు" అని ఎవరైనా అంటే ఫోన్ తీసి 550 × 5 ÷ 11 కొట్టి చూపించండి.

ఈ ఎపిసోడ్ ట్రాలీ ఉన్న ఒక్కరికైనా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ట్రాలీ బ్రేకులు, దిగుడులో గేర్ల సంగతి మాట్లాడుకుందాం. అప్పటిదాకా జాగ్రత్త, ఉంటాను.